మేటడార్ ఇంజన్ అంబాసిడర్‌కి రేటెంత?

ఒరేయ్ నాన్నా, ఆ మొద్దు కాస్త లోపలికి తొయ్యి, పొగంతా ఇటే కొడుతోంది. ఆఁ, ఇప్పుడు విను. నీ స్విఫ్ట్ అమ్ముతానంటున్నావు. దానికి అల్లాయ్ చక్రాలు వేయించావు, పాటల సిస్టం పెట్టించావు, సీట్లు మార్పించావు, ఇంజన్ కంప్యూటర్లో ఏదో మార్పించి పికప్ పెంచావు. అన్నీ కలిపి 1,80,000 అయింది కాబట్టి అదంతా బండి రేటు మీద వేసి అడుగుతానంటున్నావు. ఈ లెక్క నాకు కొత్త కాదు. బెజవాడ ఆటోనగర్లో మా మేస్త్రీ దగ్గర స్పానర్లు అందించిన రోజుల నుంచీ వింటున్నదే. అప్పుడు స్విఫ్ట్ బదులు అంబాసిడర్ ఉండేది, కంప్యూటర్ బదులు మేటడార్ ఇంజన్ ఉండేది. అంతే తేడా.

మీకు తెలియదు గానీ, మా కుర్రతనంలో దేశం మొత్తానికీ కార్లంటే మూడే. కలకత్తా పక్కన ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళు చేసే అంబాసిడర్, బొంబాయిలో ప్రీమియర్ వాళ్ళు చేసే ఫియట్, మద్రాసులో తయారయ్యే స్టాండర్డ్ హెరాల్డ్. డబ్బుంటే చాలదు. పేరు రాయించుకుని ఏళ్ళ తరబడి కూర్చోవాలి. అందుకని కొత్త కారు కంపెనీ రేటు ఒకటైతే, అదే కారు చేతిలో ఉన్నవాడు అమ్మే రేటు అంతకంటే పైన ఉండేది. ఈ మూడు కార్లకీ న్యాయమైన ధర ఎంతనే పేచీ ప్రభుత్వానికీ కంపెనీలకీ మధ్య ముదిరి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఖర్చెంత, తరుగెంత, లాభమెంత అని అంత పెద్ద కోర్టు కూర్చుని లెక్క కట్టాల్సి వచ్చింది. కొత్త కారుకే అంత తర్జనభర్జన జరిగితే, నలుగురి చేతులు మారి, నలుగురు నాలుగు రకాల పనులు చేయించిన పాత కారుకి రేటు కట్టడం ఇంకెంత కష్టమో నువ్వే ఆలోచించు.

ఆ పని మా మేస్త్రీకి బాగా వచ్చు. ఆటోనగర్ అరవైల్లో పుట్టింది. లారీల బాడీలు కట్టడానికి దానికి పెద్ద పేరు. బాడీ కట్టేవాళ్ళు, కమాన్లు కొట్టేవాళ్ళు, రేడియేటర్లు అతికేవాళ్ళు, లేతు పనివాళ్ళు, టింకరింగ్ వాళ్ళు, అందరూ అక్కడక్కడే ఉండేవాళ్ళు. ఏ పనికి ఎంతవుతుందో, ఆ పని ఎంతకాలం నిలుస్తుందో మేస్త్రీకి కంఠతా ఉండేది. అందుకే బ్రోకర్లు బండి బేరం తెగకపోతే ఆయన దగ్గరికి తెచ్చేవాళ్ళు.

1973లో అరబ్బు దేశాల యుద్ధం తర్వాత పెట్రోలు ధర ఎగిరింది. అప్పట్లో పెట్రోలు, డీజిలు రెండిటి ధరా ప్రభుత్వమే నిర్ణయించేది. లారీలకి, బస్సులకి, రైతుల ఇంజన్లకి కావాలని డీజిలుని చవగ్గా ఉంచేవాళ్ళు. ఎనభైల్లో పెట్రోలు రేటులో డీజిలు రేటు సుమారు సగం. అంబాసిడర్ కంపెనీవాళ్ళే డీజిల్ బండి తెచ్చారు గానీ, 1489 సీసీ ఇంజను అంత బరువు బండిని లాగలేక మూలిగేది. కొండపల్లి దగ్గర చిన్న ఎత్తు వచ్చినా గేరు తగ్గించాల్సిందే. దాంతో మనవాళ్ళు సొంత దారి కనిపెట్టారు. పూనాలో బజాజ్ టెంపో వాళ్ళు చేసే మేటడార్ వ్యానుకి మెర్సిడెస్ బెంజి డిజైను ఇంజన్ ఉండేది. గట్టి ఇంజను. యాక్సిడెంటైన వ్యాన్ల నుంచి దాన్ని దింపి, పెట్రోలు అంబాసిడర్లో ఎక్కించేవాళ్ళు.

ఎక్కించడమంటే ఊరికే కాదు. ఇంజనుకీ గేర్ బాక్సుకీ మధ్య రంధ్రాలు కలవవు. లేతు మీద ప్లేటు చేయించాలి. ఇంజన్ బరువు ఎక్కువ, ముందు భాగం కిందికి దిగిపోతుంది. టార్షన్ బార్లు బిగించి లేపాలి. రేడియేటర్ చాలదు, పెద్దది వెయ్యాలి. బ్యాటరీ పెద్దది కావాలి. డీజిల్ ఇంజన్ అదురుకి కింద పెట్టే రబ్బరు దిమ్మలు ఆగవు, వాటినీ మార్చాలి. కొందరు ఇంజను చోటు పట్టించడానికి అడ్డు చట్రం కోసి మళ్ళీ వెల్డింగ్ పెట్టేవాళ్ళు. ఈ కోత మా మేస్త్రీకి అస్సలు గిట్టదు. రేటు కట్టేటప్పుడు మొదట బండి కింద పడుకుని చూసేది ఆ చోటే. కోత కనిపిస్తే పైన ఎంత మెరుపున్నా లేచి చేతులు తుడుచుకుని, "పాత ఇనుము రేటు మాట్లాడుకోండి" అనేవాడు. పని బాగా చేసినవాడికీ చెడగొట్టినవాడికీ ఒకే రేటు పలకడం ఆయన దృష్టిలో పాపం.

ఒకసారి కాలవ పనులు చేయించే కాంట్రాక్టర్ గారొకాయన తన అంబాసిడర్ తెచ్చాడు. మేటడార్ ఇంజన్, కొత్త రెగ్జిన్ సీట్లు, ముందు స్టీలు బంపరు, పైన క్యారియర్, లోపల ఫ్యాను. బిల్లులన్నీ సంచిలో పెట్టుకొచ్చాడు. బండి కొన్న డబ్బూ, ఇంజనుకి పెట్టిన డబ్బూ, మిగతావన్నీ కూడి, కింద గీత గీసి, "ఇంతకి ఒక్క రూపాయి తగ్గినా అమ్మను" అన్నాడు. మేస్త్రీ ఆ కాగితం చూడనేలేదు. "అయ్యగారూ, అసలు ఏ పనీ చేయించని ఇదే సంవత్సరం పెట్రోలు అంబాసిడర్ ఇవాళ ఊళ్ళో ఎంత పలుకుతోంది? ముందు అది చెప్పండి" అన్నాడు.

నాన్నా, మొత్తం విద్య ఆ ప్రశ్నలో ఉంది. మార్పులు చేసిన బండికి రేటు మార్పుల దగ్గర మొదలవదు. ఏ మార్పూ లేని, అదే ఏడాది, అంతే తిరిగిన బండి దగ్గర మొదలవుతుంది. అది పునాది. దాని మీద ఒక్కో మార్పునీ విడిగా పట్టుకుని, దీనివల్ల కొనేవాడికి ఏం మిగులుతుంది, ఏం పోతుంది అని అడగాలి. నువ్వెంత పెట్టావన్నది అక్కడ ప్రశ్నే కాదు. నువ్వు పెట్టిన డబ్బుకి నువ్వు సుఖపడ్డావు, ఆ సుఖం నీతోనే అయిపోయింది. కొనేవాడు దానికి మళ్ళీ డబ్బు కట్టడు.

ఆ అంబాసిడర్ చూడ్డానికి ఇద్దరు వచ్చారు. మొదటాయన రిటైరైన హెడ్మాస్టారు. ఆదివారాలు భార్యని గుడికి తీసుకెళ్ళడానికి, పండక్కి కూతురి ఊరెళ్ళడానికి బండి కావాలి. ఆయనకి డీజిల్ ఇంజనంటే చప్పుడు, అదురు, పొద్దున్నే స్టార్ట్ కాక తిప్పలు. నెలకి తిరిగే ఆ కాస్త దూరానికి ఆయనకి మిగిలేదేమీ లేదు. అందుకే మామూలు బండి రేటు కంటే తక్కువకి అడిగాడు, అందులో తప్పులేదు. రెండో ఆయన గుంటూరు మిర్చి వ్యాపారి. రోజూ ఊళ్ళు తిరగాలి. మేస్త్రీ ఆయన ముందే నోటి లెక్క వేశాడు. నెలకి 3,000 కిలోమీటర్లు తిరిగితే, లీటరుకి 10 ఇచ్చే పెట్రోలు బండి 300 లీటర్లు తాగుతుంది. 14 ఇచ్చే డీజిల్ బండి 215 లీటర్ల లోపే, అదీ సగం రేటు నూనె. అంటే నూనె ఖర్చులో మూడింట రెండు వంతులకి దగ్గరగా మిగులుతుంది. "ఒక్క ఏడాదిలో మీకు మిగిలేదెంతో చూసుకోండి. అంతవరకూ ఇంజన్‌కి ఇవ్వండి, పైన ఇవ్వకండి" అన్నాడు. వ్యాపారి మారుమాట్లాడకుండా బయానా ఇచ్చాడు. కాంట్రాక్టర్ గారు గీసిన గీత కింది అంకె రాలేదు. కానీ మామూలు బండి రేటు కంటే బాగానే ఎక్కువ వచ్చింది.

అదే బండి, అదే రోజు, ఇద్దరికి రెండు రేట్లు. ఒకరిది అబద్ధం కాదు, ఇంకొకరిది మోసం కాదు. మార్పు చేసిన బండి అందరిదీ కాదు, దానికి సరిపోయే మనిషి ఎక్కడో ఒకడుంటాడు. ఆ మనిషి కోసం ఆగే ఓపిక ఉంటే మార్పుకి రేటు అడుగు. వారంలో డబ్బు కావాలంటే మామూలు రేటుకే, ఒక్కోసారి అంతకంటే తక్కువకే సిద్ధపడు.

ఇంకో సంగతి కూడా ఆ రోజే చూశా. వ్యాపారి బండి తీసుకుంటుంటే, కాంట్రాక్టర్ గారి డ్రైవరు షెడ్డులోంచి గోనెసంచులు మోసుకొచ్చాడు. పాత పెట్రోలు ఇంజన్ తాలూకు కార్బురేటర్, డైనమో, కంపెనీ రేడియేటర్, దిమ్మలు, పాత బంపరు. అన్నీ నూనె రాసి భద్రంగా ఉంచారు. మేస్త్రీ మొహం వెలిగిపోయింది. వాటికి విడిగా ఇంకొంత వేయించాడు. తీసేసిన సామాను దాచుకున్నవాడి బండిని వెనక్కి తేవచ్చు, అది కొనేవాడికి పెద్ద ధైర్యం. నీ స్విఫ్ట్ పాత చక్రాలు ఎక్కడున్నాయి? మేడ మీద ఉన్నాయా? మంచిది. పారెయ్యకు.

కాగితాల మాట చెప్పాలి. ఇది రేటు కంటే ముందు మాట. బండి ఇంజన్ నంబరు, చాసిస్ నంబరు సీ బుక్కులో ఉంటాయి. ఇంజన్ మార్చినవాడు బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కి బండి చూపించి, కొత్త ఇంజన్ నంబరూ, పెట్రోలు పోయి డీజిల్ అయిందనే మాటా బుక్కులో రాయించుకోవాలి. చాలామంది రాయించేవాళ్ళు కాదు. పైపెచ్చు, ఆ ఇంజన్ ఏ బండి నుంచి వచ్చిందో బిల్లు కూడా ఉండేది కాదు. మా వీధిలో ఒకాయన అలాంటి జీపే అమ్మాడు. పేరు మార్పించకుండా, ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి ఇచ్చేశాడు. కొన్నవాడు ఇంకొకడికి అమ్మాడు. ఆ మూడోవాడి చేతిలో జీపు మనిషిని గుద్దింది. పోలీసులు బుక్కులో పేరు చూసి ఇతని ఇంటికొచ్చారు. ఇంజన్ నంబరు కలవలేదని బీమా వాళ్ళు చేతులెత్తేశారు. జీపు అమ్మి వచ్చిన డబ్బు కంటే ఎక్కువ ప్లీడర్ల పాలైంది. ఆ మనిషి నలిగిపోవడం నేను కళ్ళారా చూశా. ఇప్పటికీ చట్టం ఆ దారినే ఉంది. రిజిస్టర్లో పేరున్నవాడే యజమాని, పరిహారం భారం అతనిదే అని సుప్రీంకోర్టు 2018లో మళ్ళీ చెప్పింది.

అందుకే మా మేస్త్రీ బుక్కులో ఎక్కని ఇంజనుకి రేటే కట్టేవాడు కాదు. "రాయించుకు రండి, అప్పుడు మాట్లాడదాం" అనేవాడు. అమ్మేవాడు ఆ ఖర్చు పెట్టుకోవాలి, కొనేవాడి నెత్తిన వెయ్యకూడదు. తర్వాత బ్రోకరు పనిలో నేనూ అదే పాటించా.

కాలం మారితే మార్పు విలువా మారుతుంది. 2002లో నూనె ధరల మీద పాత పద్ధతి ఎత్తేశారు. 2010లో పెట్రోలుని, 2014లో డీజిలుని పూర్తిగా మార్కెట్టుకి వదిలేశారు. పెట్రోలుకీ డీజిలుకీ మధ్య దూరం తగ్గిపోయింది. ఒకప్పుడు బండికి కిరీటం లాంటి ఆ మేటడార్ ఇంజన్ భారమైపోయింది. ఇప్పుడు పాత అంబాసిడర్ వెతుక్కుంటూ వచ్చేవాడు ఏ మార్పూ లేని అసలు పెట్రోలు ఇంజన్ బండి కోసమే వస్తున్నాడు. ఆ బండి తయారీ 2014లోనే ఆగిపోయింది కదా, ఇప్పుడు దాన్ని జ్ఞాపకంగా దాచుకోవాలనుకునేవాళ్ళు ఉన్నారు. ఆ రోజుల్లో ఏమీ చేయించుకోలేక అలాగే ఉంచేసినవాడి బండికి ఇవాళ విలువ ఎక్కువ. రేటు అడిగే రోజున రోడ్డు మీద ఏం నడుస్తోందో చూడాలి, నువ్వు మార్పించిన రోజున ఏం నడిచిందన్నది కాదు.

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక మార్పుల తీరే వేరైంది. ఇంజన్ జోలికి ఎవరూ పోలేదు, పైపై సోకులు మొదలయ్యాయి. పన్నెండు అంగుళాల చక్రాలు తీసి పదమూడు వేసేవాళ్ళు. చూడ్డానికి బాగుండేది. కానీ టైరు వ్యాసం ఏడెనిమిది శాతం పెరిగితే, బండి 100 కిలోమీటర్లు తిరిగినా మీటరు 93 దగ్గర ఆగుతుంది. వేగమూ తక్కువే చూపిస్తుంది. అలాంటి బండి మీటరు చూసి "70,000 తిరిగింది" అంటే నిజానికి 75,000 తిరిగినట్టు. పెద్ద చక్రాల బండి అమ్మేటప్పుడు ఈ మాట నోటితో చెప్పి అమ్మాలి. నా దగ్గర బ్రోకరు పని నేర్చుకున్న కుర్రాళ్ళందరికీ ఇది ఖచ్చితంగా చెప్పేవాణ్ణి.

గ్యాస్ కిట్ల సంగతీ అంతే. తొంభైల్లో వంటగ్యాసు సిలిండరు డిక్కీలో పెట్టి తిరిగినవాళ్ళు ఉన్నారు, తలుచుకుంటేనే భయమేస్తుంది. ఇప్పుడు ఆమోదం ఉన్న సీఎన్‌జీ కిట్ పెట్టించి, బుక్కులో ఎక్కించి, బీమాలో కిట్ విలువ చూపించి, మూడేళ్ళకోసారి సిలిండరుకి ఒత్తిడి పరీక్ష చేయించి, ఆ కాగితం దగ్గరుంచుకున్నవాడికి రోజూ తిరిగే మనిషి సంతోషంగా డబ్బిస్తాడు. పరీక్ష గడువు దాటిన సిలిండరైతే ఆ ఖర్చు రేటులోంచి తగ్గించుకోవాలి.

కొన్నింటికి సున్నా కూడా రాదు, ఇంకా పోతుంది. నల్ల ఫిల్ములు 2012లోనే సుప్రీంకోర్టు వద్దంది. ముందు పెట్టే ఇనప గార్డులు 2017 చివర్లో కేంద్రం వద్దంది. కంపెనీ ఇచ్చిన రూపానికి విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో కోర్టు గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరించిన చట్టంలో, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని రాశారు. అలాంటివి ఉంటే పీకి పక్కన పెట్టి అమ్మడమే. వాటిని చూపించి రేటు పెంచడమంటే, పోలీసు ఆపే బండిని ఎదుటివాడికి అంటగట్టడం.

ఇక నీ లెక్కకి వద్దాం, కాగితం తియ్యి. నీ ఏడాది, నీ అంత తిరిగిన మార్పుల్లేని స్విఫ్ట్ 4,00,000 పలుకుతోందనుకుందాం. ఒక్క ప్రకటన చూసి ఈ అంకె వెయ్యకు. ప్రకటనల్లో ఉండేవి చెప్పే రేట్లు, తెగిన రేట్లు కావు. ఈమధ్య నిజంగా అమ్మినవాళ్ళని కనుక్కో, ఇద్దరు ముగ్గురు ఆటో కన్సల్టెన్సీ వాళ్ళని ఎంతకి కొంటారో అడుగు. వాళ్ళు కొనే రేటుకీ, వాళ్ళే అమ్మే రేటుకీ మధ్యలో నీ అంకె ఉంటుంది. బీమా కాగితం మీద ఉండే విలువ చూసి మురవకు. నాలుగేళ్ళు దాటిన బండికి సగం తరుగు వెయ్యాలనేది బీమా వాళ్ళ పట్టిక, అది సంత రేటు కాదు.

అల్లాయ్‌లకి, టైర్లకి నువ్వు 85,000 పెట్టావు. బండి మీదే ఉంచితే కొనేవాడు 25,000 విలువ కడితే గొప్ప. పాటలకి పెట్టిన 40,000కి 8,000. సీట్లకీ లైట్లకీ కలిపి 25,000 అయ్యాయి, సీట్లకి 5,000 వేసుకో, లైట్లకి ఏమీ వద్దు. ఇంజన్ కంప్యూటర్ మార్పుకి 30,000 పెట్టావు, దానికి సున్నా. కోప్పడకు నాన్నా. పికప్ పెంచిన ఇంజనంటే టర్బో, క్లచ్ ఎంత నలిగాయో అని కొనేవాడి గుండె జారుతుంది. కంపెనీ సెట్టింగుకి వెనక్కి మార్పించి, మార్పించానని చెప్పి అమ్ము. పోయినేడు క్లచ్ మార్పించిన బిల్లుందా? ఉంటే దానికి 7,000 వేసుకో, ఎందుకంటే అది సోకు కాదు, కొనేవాడు రేపు పెట్టాల్సిన ఖర్చు. మొత్తం 4,45,000.

ఇంకో దారి ఉంది. అల్లాయ్‌లు తీసి, మేడ మీది పాత చక్రాలు వేసి, బండి 4,20,000కి అమ్ము. అల్లాయ్‌లు కావాల్సినవాడికి విడిగా 40,000కి పోతే నీ చేతికి 4,60,000 వస్తుంది. కాస్త తిరుగుడు ఎక్కువ, అంతే. చెప్పే రేటు తెగే రేటు కంటే ఓ ఇరవై పాతిక వేలు ఎక్కువ ఉంచు. మనదేశంలో బేరమాడకుండా బండి కొన్నవాడికి రాత్రి నిద్రపట్టదు. అంతకంటే ఎక్కువ చెప్తే మాత్రం కొనేవాడు చూడ్డానికే రాడు.

చూడ్డానికి వచ్చినవాడికి చల్లటి ఇంజన్ మీదే స్టార్ట్ చేసి చూపించు. ముందే వేడి చేసి ఉంచితే బానెట్ మీద చెయ్యి పెట్టగానే తెలిసిపోతుంది. ఆయిల్ మూత తీసి పొగ ఎంత కొడుతుందో చూడమను. మార్చినవన్నీ ఒక కాగితం మీద రాసి, ఎప్పుడు, ఎక్కడ, ఎవరు చేశారో, ఏ సామాను దాచావో చెప్పు. దెబ్బ తగిలిన తలుపు కూడా అందులో రాయి. నేను చూసినంతలో, ముందే చెప్పిన లోపానికి తగ్గే రేటు కంటే, కొనేవాడు తానే పట్టుకున్న లోపానికి తగ్గే రేటు రెండింతలు.

పేరు మార్పుకి కావాల్సిన 29, 30 ఫారాలు రెండూ పూర్తిగా నింపాకే తాళం ఇవ్వు. అప్పు మీద కొన్న బండి కదా, అది తీరిందని బ్యాంకు ఇచ్చే 35 ఫారం కూడా ముందే తెచ్చుకో. అమ్మిన పద్నాలుగు రోజుల్లో ఆర్టీఏ ఆఫీసుకి తెలపాల్సిన బాధ్యత అమ్మినవాడిదే. అది బ్రోకరు చేస్తాడులే అని వదిలెయ్యకు. రేపు పొద్దున్నే సీ బుక్కు తీసుకురా, బానెట్ ఎత్తి ఇంజన్ నంబరూ, చాసిస్ నంబరూ నా ముందు కలిపి చూడు. అవి కలిసిన తర్వాతే ప్రకటన ఇవ్వు.